ధర్మవరం నెమలి పేజీ

కొన్నేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, చెప్పలేదు. ఇవాళ మనసు బాగుంది, మీతో చెప్పేస్తాను.

పది తప్పాక నాకు చదువు చెప్పింది హిందూపురం గ్రంథాలయమే. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. అందరూ కలిసి రాసే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో నేనూ రాయడం మొదలుపెట్టాక, పుస్తకాల విషయంలో నా మాటకు అక్కడ తిరుగుండేది కాదు.

ఒకసారి ధర్మవరం సుభద్రమ్మ గురించిన పేజీ తొలగింపు చర్చకు వచ్చింది. ఆవిడ మగ్గాలకు చీర అంచుల డిజైన్లు కంప్యూటర్‌లో చిన్న చిన్న గళ్లకు రంగులు నింపి గీస్తుంది. అవే గళ్లతో కదిలే బొమ్మలు చేస్తుంది. ఆ పేజీలో ఒక నెమలి పురి విప్పి ఆడేది. పేజీ ఉండాలంటే అచ్చులో ఆధారం కావాలి; ఆవిడ గురించి ఎక్కడైనా వచ్చిందా అని నిర్వాహకులు అడిగారు. "గ్రంథాలయంలో పాత పత్రికలన్నీ చూశాను. ఎక్కడా లేదు" అని రాశాను.

చూడలేదు. బీరువా మీది పత్రికల కట్టకు తాడు కూడా విప్పలేదు. బద్ధకమా? కాదు. కంప్యూటర్ బొమ్మ కళ ఎలా అవుతుంది, అయ్యుంటే నేను చదివిన ఇన్ని పుస్తకాల్లో ఒక్కదానిలోనైనా ఉండదా అని ముందే తీర్పు చెప్పేసుకున్నాను; ఇక వెతకడం దేనికి? వాళ్లు నన్ను నమ్మారు. పేజీ పోయింది. నెమలీ పోయింది.

తర్వాత పెనుకొండ గ్రంథాలయంలో ఏదో వెతుకుతూ పాత పత్రిక తిరగేస్తే, సుభద్రమ్మ మీద పెద్ద వ్యాసం! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. హిందూపురం వచ్చి కట్ట విప్పాను. అందులోనూ ఉంది. ఆ ఆధారం చూపిస్తే నిర్వాహకులు పేజీని బొమ్మతో సహా తిరిగి తెచ్చారు. మళ్లీ ఓపిగ్గా వెతికినందుకు నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఫోన్‌లో చూపిద్దామని ధర్మవరం పోయాను.

"ఓయమ్మా, నా నెమలి!" అని సుభద్రమ్మ ఎగిరినంత పని చేసింది. "కంప్యూటర్ చెడిపోయి నా తావ కూడా లేకపాయ గదప్పా. ఎవడో యాడా లేదని చెప్పి తీసేపిచ్చినాడంట. ఎవడప్పా వాడు? కండ్లు యాడ పెట్టుకోనుండాడు?"

"ఏమోక్కా" అన్నాను.

"పోనీలే, నువ్వు మంచోనివి. ఉగ్గాని తిను. బజ్జీ ఇంగొకటి ఏసుకో, సిగ్గుపడొద్దు."

సిగ్గుపడకుండానే తిన్నాను. మగ్గాలు ఆపి వచ్చిన వీధివాళ్లంతా ఫోన్ చుట్టూ మూగి, నెమలి పురి విప్పినప్పుడల్లా ఈలలు వేశారు. నేనూ వేశాను. అంత ఆనందం నా జీవితంలో తక్కువ. అది నాకు దక్కాల్సిందేనా? ఆ రోజే చెప్పడానికి ఏమడ్డం వచ్చింది? బజ్జీయా, ఆ 'మంచోనివి' అన్న మాటా?

ఇవాళ పొద్దున ఆ చర్చ పేజీలో, నా పాత అబద్ధం కిందే రాశాను: "నేను వెతకలేదు." అక్కడ ఉండేది నా మారుపేరు. అందుకే ఆ వాక్యం కింద నా అసలు పేరూ ఊరూ కూడా పెట్టి, లింకు సుభద్రమ్మకు పంపాను. ఇంకా చూసినట్టు లేదు. చూశాక ఏమంటుందో తెలియదు.

ఎవడప్పా వాడు అని అడిగితివి గదక్కా. నేనే.