మిరపపండు చీర, మావయ్యగారి పంచెలు

ఆ రోజుల్లో పాలకొల్లు బట్టలకొట్టువారి అమ్మాయినన్న ధీమా నాకు నిలువెల్లా ఉండేది. ఆ ధీమాతోనే మా వీధిలో ఇంకెవరికీ సాధ్యం కాని ఘనకార్యం చేశాను. మావయ్యగారి తెల్లపంచెల్నీ, నా మిరపపండు రంగు కొత్త చీరనీ కలిపి వాషింగ్ మిషన్లో ఒకే వాయిగా వేశాను. తెలియక కాదండోయ్, పంతం పట్టి మరీ వేశాను.

అంతటికీ కారణం మా తోడికోడలు. నేను అక్కా అని పిలిచే ఆ మహాతల్లి ఉతకబోయే ముందు మూడు బకెట్లు పెట్టుకుని తెల్లవి, రంగువి, కొత్తవి అంటూ పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు ప్రతి గుడ్డనీ తిప్పి చూసి విడదీసేది. (కొత్తదాని అంచు తడిపి తెల్లగుడ్డకి రుద్ది చూసేది కూడా. మా కొట్లో అలా రుద్దే మనిషిని చూస్తే మాకు ఒళ్ళుమంట.) తీగమీద పంచెలు చూపిస్తూ అత్తయ్యగారు పక్కింటావిడతో, "మా పెద్దకోడలు చెయ్యి పడితే మల్లెపూవేనండీ" అనేవారు. నా పులిహోరని ఏనాడూ మెచ్చుకోని మనిషి పంచెకి పొంగిపోవడమేంటి?

ఒకసారి అక్క పుట్టింటికి ద్రాక్షారామం వెళ్ళింది. మర్నాడే భీమవరంలో మావయ్యగారి మేనకోడలి తాంబూలాలు. ఆయనే పెద్దమనిషి. ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? తీగంతా మల్లెతోటలా కనబడాలని ఇంట్లో ఉన్న పంచెలన్నీ తెచ్చి మిషన్లో పడేశాను.

"ఆ ఎర్రచీర విడిగా వెయ్యమ్మా" అన్నారు అత్తయ్యగారు.

"మా కొట్టు చీరండీ, రంగు పోదు. విడదీయడాలన్నీ సంతలో కొన్నవాటికి" అన్నాను, అక్క చీరల్ని తలుచుకుంటూ.

మూత తీస్తే నీళ్ళు పారాణిలా ఉన్నాయి. తీగమీద మల్లెతోటకి బదులు గులాబీతోట లేచింది. అత్తయ్యగారు తిట్టినా బాగుండేది. "పెద్దకోడలుంటేనా..." అని ఊరుకున్నారు. మావయ్యగారు మాత్రం, "పోన్లేవే, రేపు పెళ్ళివారు నన్ను దూరాన్నించే గుర్తుపడతారు" అని ఆ పంచెతోనే వెళ్ళారు.

నేను ఏడుపుగొంతుతో నాన్నకి ఫోన్ చేశాను. "రంగు పోతే తెచ్చి నా మొహాన కొట్టండి అనేవాడివి కదా నాన్నా!"

నాన్న గొంతు తగ్గించాడు. "అది కౌంటరుకి అవతలవాళ్ళకి చెప్పే మాట కదే తల్లీ! ఇవతల పుట్టినదానివి, నువ్వెలా నమ్మావే?"

అక్క తిరిగొచ్చి పంచెల్ని నానబెట్టి, ఉడకబెట్టి, నీలిమందు పెట్టి మళ్ళీ తెల్లగా చేసేసింది. అప్పుడు అత్తయ్యగారు వీధి వీధంతా పిలిచి చూపించారు. సరుకు నాది, లాభం ఆవిడది!

ఇప్పుడు నాకూ కోడలొచ్చింది. మా ఇంట్లో అంతా దానంతటదే చేసే మిషన్ ఉంది, దాని పక్కనే నా మూడు బకెట్లూ ఉన్నాయి. "ఇంకా విడదీస్తారేంటత్తయ్యా?" అని నవ్వుతుంది ఆ పిల్ల.

చివరి బిల్లు నిజాయితీగా వేస్తే ఒక చీర పోయింది, నాన్న మాట మీద నమ్మకం పోయింది, అక్క మీద అసూయ మాత్రం కొంచెం కూడా వెలవలేదు. ఎందుకంటే ఇన్నేళ్ళు విడదీసి ఉతికినా ఆవిడ తెలుపు నా పంచెలకి రాలేదు. ఎన్ని బేరాలాడినా అది మాత్రం నాకు గిట్టలేదు.