మా అక్క సొంత వాక్యం

మా చిన్నప్పుడు ప్రార్థన అయిపోయినా వరసలోంచి కదలడానికి లేదు... పదో తరగతి వాళ్లలో ఒకరు అరుగెక్కి రోజుకో ఇంగ్లీషు ఇడియం చెప్పాలి. ముందు ఇడియం, తర్వాత తెలుగులో అర్థం, ఆ తర్వాత దాన్ని వాడి ఒక సొంత వాక్యం, చివరికి ఆ వాక్యానికీ తెలుగు.

మాచర్లలో మా హైస్కూలుకు సత్తెనపల్లి నుంచి బదిలీ మీద వచ్చిన ఇంగ్లీషు మాస్టారు పెట్టిన పద్ధతి ఇది. వారమంతా ఒకే క్రియ నడిచేది. గివ్ వారం, టేక్ వారం, పుట్ వారం... పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయు, పుట్ అవుట్ అంటే ఆర్పివేయు. చిన్న తరగతుల వాళ్లం ఏమీ అర్థం కాకపోయినా పంపు దగ్గర బిందె నిండేదాకా అవే అప్పజెప్పుకునేవాళ్లం.

గైడులోని వాక్యం చెబితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. మీ ఇంట్లోంచి ఒక వాక్యం పట్టుకురండి అనేవాడు. మా అక్క సుగుణ నిజంగానే ఇంట్లోంచి పట్టుకెళ్లింది.

మా అమ్మ నాపరాళ్ల క్వారీలో బండలు మోసేది. నాయన నడుముకు రాయి తగిలి మంచం పట్టాక ఇంటికి ఆ కూలే ఆధారం. అక్కడి మేస్త్రీ నోరు తెరిస్తే బూతు. ఆడవాళ్లు తలొంచుకుని బండ ఎత్తుకుని పోయేవాళ్లు. అమ్మ ఆ మాటలు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు... సెలవుల్లో అన్నం క్యారేజీ తీసుకెళ్లినప్పుడు అక్కా నేనూ మా చెవులతో విన్నాం.

ఆ రోజు అక్క వంతుకు వచ్చింది పుట్ అప్ విత్. అంటే ఓర్చుకొను. అక్క తడబడలేదు.

“మై మదర్ పుట్స్ అప్ విత్ ద మేస్త్రీస్ బ్యాడ్ వర్డ్స్.”

వరసల్లో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. అర్థమైతే కదా. తర్వాత తెలుగులో చెప్పింది.

“మా అమ్మ మేస్త్రీ బూతుల్ని ఓర్చుకుంటుంది.”

ముందు నవ్వులు... ఆ వెనకే గుసగుసలు. మాస్టారు మాత్రం చప్పట్లు కొట్టి, సొంత వాక్యమంటే ఇదీ అన్నాడు.

ఇంగ్లీషులో ఉన్నంతసేపు అది మార్కులు తెచ్చే వాక్యం. తెలుగులోకి దిగగానే నేరమైపోయింది.

మేస్త్రీ తమ్ముడి కొడుకు మా బళ్లోనే చదివేవాడు. అవి ఒంటిపూట బడి రోజులు. బడి వదిలాక మాట వాడి ఇంటికి, అక్కణ్ణుంచి క్వారీకి చేరింది. మేస్త్రీ అమ్మను అందరి ముందూ నిలబెట్టి అన్నాడట.

“ఏమే, నీ కూతురు ఇంగిలీసు నేర్చిందంటగా. ఇంక అదే పెడద్దిలే మీకు కూడు. రేపట్నుంచి రామాక.”

అమ్మ ఇంటికొచ్చి అక్కను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నువ్వు చెప్పింది అబద్ధమా?”

“కాదు.”

“మరి ఏడుస్తావేంది?”

సంగతి తెలిసి మాస్టారు క్వారీకి వెళ్లాడు. వెళ్లాడు, కాదనను. కానీ తిరిగొచ్చింది మేస్త్రీ షరతు పట్టుకుని. అన్న చోటే, అంతమంది ముందే, అది నిజం కాదని అక్క చెప్పాలి. చెబితే అమ్మను పనిలోకి రానిస్తాడు.

అక్క చెప్పనంది. అన్నం ముట్టలేదు. చివరికి అమ్మే నచ్చజెప్పింది.

“నిజమని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆడికీ తెలుసు, అందుకే అంత మంట. పోయి కాదని చెప్పిరా తల్లీ. మీ నాయనకి మందులు తేవాల.”

అక్క మళ్లీ అరుగెక్కింది. మొన్నటిది కల్పించి చెప్పిన వాక్యమనీ, నిజం కాదనీ తెలుగులో చెప్పింది. ఆ తర్వాత, గైడులోంచి మాస్టారే ఏరి ఇచ్చిన వాక్యం. కొండ ప్రాంతపు చలిని నేను ఓర్చుకోలేను అని. పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. చెప్పుల్లేని కాళ్లతో నిలబడి విన్నాం. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు తలెత్తలేదు.

ఈ మధ్య ఈ గ్రూపులో అందరూ చిన్నప్పటి బడి సంగతులు తలుచుకుని ‘ఆ రోజులే వేరు’ అని రాస్తున్నారు. వేరే, ఒప్పుకుంటాను. ఎవరికి వేరు? రేగుపళ్ల గురించీ పుల్లైసు గురించీ రాయండి, వద్దనను. నిజం చెప్పిన పిల్ల చేత బడే అబద్ధం చెప్పించిన సంగతి కూడా రాయాలా, వద్దా? మీ అమ్మ ఓర్పును పొగుడుతూ పేజీలు నింపుతున్నారు కదా... ఆమె ఎవరి నోటిని ఓర్చుకుందో కూడా ఒక్క ముక్క రాయండి.

అమ్మకు పని దొరికింది. బూతులు ఆగలేదు. అక్క పది పాసైంది, ఇంగ్లీషులో బడికే ఫస్టు. పరీక్షలో అన్నీ గైడు వాక్యాలే రాసింది. నర్సు ట్రైనింగు చేసి నరసరావుపేటలో స్థిరపడింది. మంచి పేరు తెచ్చుకుంది. కానీ ఇంట్లో ఏ విషయం వచ్చినా, నువ్వేమంటావక్కా అని అడిగితే... మీ అందరి మాటే నా మాట అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాదు.

అమ్మ పోయేముందు ఆసుపత్రిలో నాతో అంది. “ఆ కూలి పోతే పోయిందనాల్సింది. దాని నోరు నేనే కట్టేశా.” అందులో నీ తప్పేముందని చానాసేపు వాదించాను. ఎంతమందితోనో వాదించి గెలిచినదాన్ని... అమ్మ దగ్గర గెలవలేకపోయాను.

ఇప్పుడు ఇంగ్లీషు ఎల్‌కేజీ నుంచే ఉంది. మొన్న అక్క మనవరాలు పరీక్ష పేపరు చూపించింది. జవాబులు వాళ్లే ఇస్తారు, ఒకదానికి టిక్కు పెడితే చాలట. సొంత వాక్యం రాయమని ఎవరూ అనరట. అప్పట్లో అడిగి నోరు మూయించారు... ఇప్పుడు అడగడమే మానేశారు.

మీ ఇంట్లోంచి మీరు బడికి పట్టుకెళ్లిన వాక్యం ఏదైనా ఉందా? దాన్ని ఎవరు మింగించారు? ఇక్కడ చెప్పండి... తెలుగులోనే చెప్పండి.