గాలి కబురు ఎవరి వంతు?

2023లో సంగతి. అప్పటికి నేను సాఫ్ట్‌వేర్ రాయబట్టి పన్నెండేళ్లు. కంపెనీ చెన్నైలో, నేను వెంకటాచలంలో మా ఇంటి ముందుగదిలో. జీతం వచ్చే పని అది. జీతం రాని పని ఇంకొకటి నా నెత్తిన నేనే పెట్టుకున్నాను. దాని పేరు గాలి కబురు. ప్రభుత్వం అందరికీ ఇచ్చే గాలి అంచనాలను తీసుకుని, రోజూ పొద్దున్నే తెలుగులో చదివి వినిపించే చిన్న యాప్. చిట్టమూరు వైపు పులికాట్ సరస్సులో వేటకు పోయేవాళ్ల కోసం చేశాను. అక్కడ లోతు తక్కువే గానీ, గాలి లేచిందంటే చిన్న పడవ నిలవదు.

దాన్ని ఓపెన్ సోర్స్‌గా పెట్టాను. అంటే ప్రోగ్రాం మొత్తాన్ని ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టేయడం. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. తప్పు కనబడితే రాసి పెట్టే చీటీని మేం ఇష్యూ అంటాం. ఇలా పెడితే నలుగురూ చేరతారనీ, నా బరువు తగ్గుతుందనీ ఆశపడ్డాను. ఏడాది గడిచినా ఒక్క ఇష్యూ లేదు. ప్రోగ్రాం పెట్టిన సైటులో రాయడం వేటవాళ్లకు కష్టమేమోనని వాట్సాప్ గ్రూపు పెట్టాను. అందులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు వచ్చేవి. యాప్ ఎలా పనిచేస్తోందని అడిగితే దండం పెట్టే బొమ్మ వచ్చేది. దున్నపోతు మీద వాన కురిసినట్టే. నాకసలే కోపం ఎక్కువ. ఉచితంగా ఇస్తే మనవాళ్లకి విలువ తెలియదని మా ఆయన దగ్గర రోజూ సణిగేదాన్ని. ఆయన పాపం కాఫీ పెట్టి ఇచ్చి తప్పుకునేవాడు.

ఇంతలో నాకు ఎనిమిదో నెల వచ్చింది. బీపీ ఎక్కువగా ఉంది, పడుకునే ఉండమంది డాక్టరు. కంపెనీకి సెలవు పెట్టాను. మరి గాలి కబురు సంగతో? రోజూ చూసే మనిషి లేకపోతే అది ఏదో ఒకనాడు తప్పు చెబుతుంది. ఆ మాట నమ్మి ఎవరో నీళ్లలోకి పోతారు. అంతకంటే మూసేయడం మేలనుకున్నాను. వచ్చే నెల నుంచి యాప్ ఉండదని గ్రూపులో పెట్టి, ఫోను బోర్లించి ఏడ్చాను.

మూడో రోజు ఇద్దరు మనుషులు బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. ఒకరు ఏకాంబరం అన్న, సరస్సు ఒడ్డున వాళ్ల ఊళ్లో నేను మొదట యాప్ వేసి ఇచ్చింది ఆయన ఫోనులోనే. ఇంకొకరు ఆయన భార్య కస్తూరక్క, చేతిలో రొయ్యల వేపుడు గిన్నె. కడుపుతో ఉన్న మనిషిని ఉత్త చేతుల్తో ఎట్లా చూస్తామంది. తర్వాత గిన్నె నా ఒళ్లో పెట్టి అసలు మాట చెప్పింది. "మూసేయబాక పాపా. ఆ మాట వినినాకే నేను ఈయన్ని పడవ కాడికి పోనిస్తా."

నాకు ఒళ్లు మండింది. ఏడాదిగా మంచో చెడో ఒక్కరూ చెప్పలేదు, ఇప్పుడు మాత్రం మూసేయొద్దంటారా అని అడిగేశాను. ఏకాంబరం అన్న నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"నాలుగు దినాలుగా ఒకటే గాలి చెప్తా ఉండాది పాపా. పాతదే మళ్లా మళ్లా చదవతా ఉండాది."

లాప్‌టాప్ తెరిచి చూశాను. నిజమే. వాతావరణ సమాచారం తెచ్చుకునే చోటు చిరునామా మారింది, నేను గమనించలేదు. కొత్తది అందకపోతే దాచిపెట్టిన పాతదాన్నే చదవమని యాప్‌కి నేర్పింది నేనే, సిగ్నల్ లేని చోట కూడా ఏదో ఒకటి వినపడాలని. అది ఏ రోజుదో చెప్పమని మాత్రం నేర్పలేదు. తెలివంటే నాదే!

దాన్ని నమ్మి ఎవరైనా నీళ్లలోకి పోయారా అని అడగడానికి నోరు రాలేదు. అయినా అడిగాను.

"మా తమ్ముడు పోయినాడు. నడిమధ్యలో గాలి లేచింది. పడవ దిగి, నడుంలోతు నీళ్లలో తోసుకుంటా వచ్చినాడు. బాగుండాడు పాపా, నువ్వు బెదరబాక," అన్నాడు ఏకాంబరం అన్న.

అమ్మయ్య అనుకున్నాను, ఒకసారి కాదు, పదిసార్లు. కస్తూరక్క నా వీపు నిమురుతూ కూర్చుంది. అప్పుడు అడిగాను, నాలుగు రోజులు నాకెందుకు చెప్పలేదన్నా అని.

"నీ వంతు గదమ్మా అది," అన్నాడు, నాకే తెలియనట్టు.

వాళ్ల సరస్సులో రొయ్య బాగా పడే చోట్లు కొన్నే ఉన్నాయి. వాటిని ఊళ్లోవాళ్లు వంతులేసుకుంటారు. ఈ రోజు ఒకరి వంతైతే ఆ చోట వాళ్ల వలే ఉండాలి. వాళ్లు కట్టిన వల జారిపోతున్నా పక్కవాళ్లు చెయ్యి పెట్టరు, రమ్మని పిలిస్తే తప్ప. పిలవకుండా పోతే పెద్దల ముందు నిలబడాలి. నేను గ్రూపుకి పెట్టిన పేరేమిటి? సునీత గాలి కబురు. పెట్టిన ప్రతి మెసేజీలో నా యాప్, నా యాప్. వాళ్లు నన్ను పట్టించుకోలేదని ఏడాది పాటు తిట్టుకున్నాను. వాళ్లేమో నా వంతుకి మర్యాద ఇచ్చి గట్టున నిలబడ్డారు. పిలవని పేరంటానికి ఎవరొస్తారు?

చిరునామా సరిచేసి, అంచనా ఏ రోజుదో ముందే చదివి చెప్పేలా మార్చాను. కస్తూరక్క నా చేత నోటుబుక్కు తెరిపించింది. వారానికొక ఇల్లు, వరసగా పేర్లు చెప్పింది, నేను రాశాను. ఎవరి వంతైతే వాళ్లు పొద్దున యాప్ మాట విని, ఆనాటి గాలి చూసి, సరిపోయిందో లేదో గ్రూపులో చెప్పాలి. తప్పుంటే నాకు చెప్పడం మర్యాద తక్కువ కాదు, చెప్పకపోవడమే తప్పు అని ఏకాంబరం అన్న ఊళ్లో గట్టిగా చెప్పాడు. గ్రూపు పేరులోంచి నా పేరు తీసేశాను.

సైటులో కూడా అలాగే రాశాను: ప్రోగ్రాం చూసుకునే వంతు ఖాళీగా ఉంది, రండి. అయిదో రోజున ముత్తుకూరు నుంచి ఒక ఇంజనీరు రాశాడు. ఆయన తన నాన్న కోసం ఈ యాప్‌ని ఎప్పట్నుంచో వాడుతున్నాడట, రెండు తప్పులు తన దగ్గరే దిద్దుకున్నాడట కూడా. పంపలేదేమండీ అంటే, మీరు అడగలేదు కదండీ అన్నాడు. తల పట్టుకుని నవ్వాను. ప్రోగ్రాం తాళాలు, అంటే దాన్ని మార్చే హక్కు, ఆయనకీ ఇచ్చేశాను.

పాప పుట్టిన మర్నాడు మధ్యాహ్నం, నెల్లూరు ఆసుపత్రిలో, అలవాటు కొద్దీ లాప్‌టాప్ కోసం మంచం కింద వెతుకుతుంటే ఫోను మోగింది. గ్రూపులో కస్తూరక్క గొంతు. "ఈ వారం మా వంతు. గాలి సరిగ్గానే చెప్పింది. పడవలన్నీ వచ్చేసినాయి." ఆ వెనకే నాకు విడిగా ఇంకొకటి పంపింది.

"నువ్వు చూడబాక పాపా. ఇది నీ వంతు కాదు గదా."

తలుపు తెరిచి పెడితే చాలు జనం వస్తారనుకోవడం మా వృత్తిలో అందరం చేసే పొరపాటు. పేరు పెట్టి పిలవాలి, పనిచ్చి కూర్చోబెట్టాలి, ఆ తర్వాత మనం పక్కకి జరగాలి. ఆ మూడోది నాకు ఆ రోజే వచ్చింది. ఫోను పక్కన పెట్టి, పాప పక్కన పడుకుని, హాయిగా నిద్రపోయాను.