జ్ఞానశేఖర్ ఫైర్‌వాల్

కూర్మన్నపాలెం జ్ఞానశేఖర్ ఇంట్లోకి వచ్చే ఇంటర్నెట్‌కి కూడా కాపలా కాస్తాడు. స్టీల్‌ప్లాంటు షిఫ్టు దిగి వచ్చాక బనీనుతోనే కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, రౌటర్ ఫైర్‌వాల్‌లో ఏదో ఒక సైటుకి దారి మూసే కొత్త రూలు ఒకటి పెడతాడు. ఏ దారి ఎందుకు మూశాడో మర్నాటికి ఆయనకే గుర్తుండదు. పిల్లలు పుట్టాక నర్సు ఉద్యోగం మానేసిన భార్య గ్రేసీకి ఆ ఉదయం మళ్ళీ ఉద్యోగం కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. లాప్‌టాప్‌లో ఆసుపత్రి వాళ్ళ వెబ్ అప్లికేషన్ ఎంతకీ తెరుచుకోలేదు. "ఆళ్ళ సైటే బాగోలేదు," అంటూ జ్ఞానశేఖర్ రౌటర్ ఆపి, మళ్ళీ వేసి, దాని దీపాలు వెలిగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా ఫోన్ డేటాలో వత్తందండీ. అందులో మాటాడేత్తాను."

"ఇంట్లో ఇంత నెట్ ఎట్టుకుని ఫోనేటే? సూత్తన్నాను కదా!"

"మీరు రౌటర్ని సూత్తన్నారు, అవతల ఆళ్ళు నాకోసం సూత్తన్నారు!" అని విసుక్కుని గ్రేసీ ఫోన్‌తో మేడెక్కేసింది.

ఆయన ఒక్కొక్క రూలే తీసి చూశాడు. అడ్డుపడుతున్నది ఎప్పుడో తాను పెట్టిన రూలే. చెరిపేయగానే పేజీ వచ్చేసింది. లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తుకుని, "వచ్చీసిందే!" అని అరుస్తూ పైకి పరుగెత్తాడు. మేడ మీద గ్రేసీ ఎండకి కళ్ళు చికిలించి, "సోమవారం నుంచే వస్తాను మేడమ్," అంటోంది. భర్తను చూసి పెదవుల మీద వేలు పెట్టింది. జ్ఞానశేఖర్ లాప్‌టాప్ మూసి, ఆమె మొహానికి ఎండ తగలకుండా అడ్డం పట్టాడు.