జర్మన్ ట్యాంకును బాగుచేసిన మనవడు

ఈమధ్య ఎవరైనా బజారులో ఆపి "అన్నా, మీ ట్యాంకుల వీడియోలు శానా బాగుంటాయి" అంటే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఒకప్పుడు ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని తిరిగేవాణ్ణి. టీ బంకు దగ్గర అవసరం లేకపోయినా రెండో టీ చెప్పేవాణ్ణి, ఎవరైనా గుర్తుపడతారేమోనని.

కర్నూలులో నాది ట్రాక్టరు విడిభాగాల దుకాణం. బేరాల్లేని మధ్యాహ్నాలు ఫోను ముందు కూర్చుని వీడియోలు చేస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ ట్యాంకులను ఇంకాస్త తెలివిగా చేసుకుని ఉంటే ఏమయ్యేది అన్నది వాటి విషయం. జరగని చరిత్ర అన్నమాట. వాళ్ళ ట్యాంకులు పైకి సింహాలే గానీ లోపల సవాలక్ష రోగాలు. బరువు మోయలేక గేరుబాక్సులు పగిలేవి. ఒక రకం ట్యాంకు సామాను ఇంకో రకానికి పట్టేది కాదు. చక్రాన్ని చక్రంతో కప్పి పెట్టి, లోపలిది చెడితే బయటివన్నీ ఊడదీసుకునే ఖర్మ కొనితెచ్చుకున్నారు. నేను ఆ రోగాలన్నీ ఒక్కొక్కటిగా కుదురుస్తూ పోయాను. అన్ని రకాలూ మాన్పించి ఒకే రకం చేయించాను. పెట్రోలు తీయించి డీజిలు పోయించాను. "ఆ గేరుబాక్సు నా దుకాణానికి వచ్చుంటే ప్రపంచ పటమే మారిపోయేది" అని ఒక వీడియోలో కూశాను కూడా. జనం మెచ్చుకున్నారు. నేను ఉబ్బిపోయాను.

నా భార్య ఒకసారి అడిగింది. "నువ్వు బాగుచేస్తే వాళ్ళు గెలుస్తారు గదా? ఆ దుర్మార్గులు గెలిస్తే ఏమైతాది?"

"నాకు గెలుపు ఓటములతో పనిల్యా. గేరుబాక్సుతోనే పని" అన్నాను.

"అయితే మన గేటు గొళ్ళెం బాగుచెయ్యి, ఏడాదైంది" అని ఆమె లోపలికి పోయింది. ఆ గొళ్ళెం ఇంకా అలాగే ఉంది.

ఆఫ్రికా ఎడారి భాగానికి వచ్చేసరికి నాకు ఊపు హెచ్చింది. ఎడారిలో ట్యాంకుకు దుమ్మే పెద్ద శత్రువు, ఇంజను గొంతులోకి పోయి కూర్చుంటుంది. దుమ్ము సంగతి మన సీమవాళ్ళకు ఒకరు చెప్పాలా? ఎండాకాలం దుక్కి దున్నే ట్రాక్టర్ల ఫిల్టర్లు దులిపి దులిపి నా చేతి గీతలే అరిగిపోయాయి. గాలి లోపలికి పోకముందే దుమ్మును తిప్పి బయటికి కొట్టే డబ్బా ఒకటి, మిగిలిన దుమ్మును పట్టేసే నూనె గిన్నె ఒకటి. ఆ రెండూ తీసుకెళ్ళి జర్మన్ ట్యాంకుకు బిగించాను. "రాయలసీమ ఫిల్టరు" అని పేరు పెట్టాను. ఇక నా ట్యాంకులకు ఎదురు లేకుండా పోయింది.

సరిగ్గా ఆ ఎడారిలోనే మా అమ్మ తండ్రి చనిపోయాడు.

అప్పట్లో మన దేశం బ్రిటిషువాళ్ళ కింద ఉండేది. కరువులో ఊళ్ళో గంజికి కూడా గతిలేక తాత వాళ్ళ సైన్యంలో చేరాడు. లారీ తోలడం అక్కడే నేర్చుకున్నాడు. దండుకు నీళ్ళు మోసే లారీ చేతికిచ్చారు. అప్పటికి మా పెద్దమ్మ తప్పటడుగుల పిల్ల, మా అమ్మ కడుపులో ఉంది. ఒకరోజు జర్మన్ ట్యాంకు గుండు తాత లారీకి తగిలింది. యుద్ధం ముగిశాక, ఆయనతో పాటు పనిచేసిన పక్క ఊరి మనిషి ఒకడు మా అవ్వ దగ్గరికి వచ్చి చెప్పాడట. "లారీ పగిలి నీళ్ళన్నీ మడుగు కట్టినాయమ్మా. ఆ మడుగులోనే పండుకోనుండాడు. దప్పికతో మాత్రం పోలేదు."

పెద్దమ్మ ఆ మాటను పట్టుకునే బతికింది. నీళ్ళకు మొగం వాచిన ఊళ్ళో పుట్టిన తండ్రి, కడకు కడుపు నిండా నీళ్ళున్న చోట పోయాడని ఆమెకు ఒక నిబ్బరం. ఆమె ఊరు గండికోట దిగువన, పెన్న ఒడ్డున. పెద్దల అమావాస్యకు ఆ ఇంట్లో పోయినవాళ్ళందరికీ కొత్త బట్టలు పెట్టి, ఒక్కొక్కరి పేరున విస్తరి వేసి, వాళ్ళకు ఇష్టమైనవి వడ్డిస్తారు. సాంబ్రాణి వేసి, అందరూ బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేస్తారు. పెద్దలు వచ్చి తిని పోవాలి. ప్రతి విస్తరి పక్కనా ఒక చెంబు నీళ్ళు ఉంటాయి. తాత విస్తరి పక్కన మాత్రం ఉండవు. కొడుకులు లేని మనిషి కాబట్టి ఆయనకు పెట్టేది పెద్దమ్మే. చిన్నప్పుడు ఎందుకని అడిగితే "నీళ్ళల్లో పోయినోనికి మళ్ళా నీళ్ళేంటికిరా? జొన్నరొట్టె, ఇంత ఊరిమిండి పచ్చడి చాలు" అనేది.

ఇదంతా తెలిసే నేను ఆ భాగం తయారుచేశాను. నా ట్యాంకులు నీళ్ళ లారీల వరసను అడ్డగించి కాల్చే భాగం. తాత గుర్తుకు రాలేదని అబద్ధమాడలేను. గుర్తొచ్చాడు. ఇంట్లో దొరికిన సరుకే కదా అనుకున్నాను. పైగా పక్క ఊరి మనిషి మాటలో పస లేదని చూపించాలన్న తెలివి ఒకటి నాలో బయల్దేరింది. గొంతు బరువు చేసి ఇలా చదివాను: "ఎడారి ఇసుకలో నీళ్ళు మడుగు కట్టవు. నమ్మకపోతే ఎండాకాలం మన పెన్నలోకి దిగి బిందెడు నీళ్ళు కుమ్మరించి చూడండి. బిందె దించేలోపు ఇంకిపోతాయి. ఆ లారీ డ్రైవర్లు నీళ్ళ పక్కనే పడి, తడి ఇసుక నోట్లో కుక్కుకుంటూ, దాహంతో పోయారు."

పోయిన ఏడాది పెద్దల అమావాస్యకు ముందురోజు బట్టలు తీసుకుని పెద్దమ్మ ఊరికి పోయాను. ఆమె కొడుకు, మా అన్న, నన్ను చూడగానే ఇరుగుపొరుగును పిలిచి "మా తమ్ముడు ఎట్ల మాట్లాడ్తాడో చూడండప్పా" అని పెద్ద టీవీలో అదే వీడియో పెట్టాడు. పెద్దమ్మ గడప దగ్గర చాటలో వడలకని ఉద్దులు వేళ్ళతో తడిమి ఏరుతోంది. ఆపమని నేను అని ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, నా గొంతు ఆ ఇంట్లో ఖంగుమని మోగుతోంది. కుర్చీలో ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వీడియో అయిపోయింది. పెద్దమ్మ చేతిలో చాట ఆగింది.

"ఎవురి లారీలురా అవి?"

"బ్రిటిషోళ్ళవి పెద్దమ్మా."

"తోలేటోళ్ళు?"

నేను తెచ్చిన బట్టల సంచి ముడి విప్పసాగాను. పాపం మా అన్న, సాయం చేద్దామనుకుని "మనోళ్ళేమ్మా. తాత మాదిరి" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. చూపు సరిగ్గా ఆనదు, గొంతు వచ్చిన దిక్కుకు తిరుగుతుంది. "నిజంగా అట్లే జరిగిండ్యానా?"

"లేదు పెద్దమ్మా. అంతా నేను పుట్టించిన కథ. అట్లాంటి ట్యాంకే లోకంలో ల్యా."

"కథ నీదేలే" అంది. "ఇసుక గూడా నువ్వే పుట్టించినావా?"

పెన్నలో చెలమలు తోడి కడవలతో నీళ్ళు తెచ్చిన మనిషి ఆమె. ఇసుక నీళ్ళను ఎట్లా మింగుతుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. కానీ ఆ ఇసుకను, తండ్రి చావును ఆమె ఏనాడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. పెట్టి చూపించింది నేను. ఆమె మళ్ళీ ఉద్దులు ఏరుకుంది. నేను పెరట్లోకి పోయి ఫోనులో ఆ వీడియో తీసేశాను. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

మర్నాడు విస్తర్లు వేశారు. వడ్డన అయింది. పెద్దమ్మ గోడ పట్టుకుని లేచి, గూట్లోంచి ఇంకో చెంబు తీసి నాకిచ్చింది.

"నీళ్ళు పొయ్యి."

పోశాను.

"నిండుగా పొయ్యిరా. కారినా పర్వాల్యా."

అంచు దాకా పోశాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని తాత విస్తరి పక్కన దించి, నేలకు చెయ్యి ఆనించింది. "ఇన్నేండ్లు నీకు నీళ్ళు పెట్టకపోతి నాయనా. తెలీకపాయె. తప్పైంది" అంది. తప్పు చేసినవాణ్ణి ఆమె వెనకే నిలబడి ఉన్నాను. క్షమాపణ ఆమె చెప్పుకుంది. ఆ క్షణంలో భూమి చీలి నన్ను మింగినా బాగుండునని నిజంగానే అనిపించింది.

అందరం బయటికి వచ్చాం. తలుపు వేశారు. కాసేపటికి అన్న, లోపలున్న పెద్దలకు తెలిసేలా దగ్గి, తలుపు తీశాడు. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుని తాత విస్తరి దాకా వచ్చింది.

"నాకు కనపడల్యా. నీళ్ళు తగ్గినాయేమో చూడురా."

చెంబు అంచు దాకా అట్లాగే ఉంది. పక్క ఊరి మనిషి ఆనాడు మా అవ్వ ముందు ఎందుకు అలా చెప్పాడో నాకు అప్పుడు అర్థమైంది. నేనూ ఆయన దారే పట్టాను.

"తగ్గినాయి పెద్దమ్మా. సగం తాగినాడు."

ఆమె ముఖం తేటపడుతుందని ఎదురుచూశాను. ఆమె పట్టు నా మోచేతి మీద బిగిసింది.

"అయితే ఇన్నాళ్ళూ దప్పికతోనే ఉండాడు" అంది.