కొండమేక మెడ మీద నా కత్తి

అక్క పోయిందని ఊరి నుంచి టెలిగ్రాం వస్తే, మా ముదీర్, అంటే క్వారీ మేనేజరు, దాన్ని పన్నెండు రోజులు తన టేబుల్ సొరుగులో పెట్టుకున్నాడు. ఓడకు రాయి ఎత్తాల్సిన రోజులవి. నేను ఊరికి పోతే దుబాయ్ అవతలి ఫుజైరా క్వారీలో డ్రిల్లు పట్టేవాడు లేడు. తల్లి లేని నన్ను సాకిన అక్కకు దినాలు కూడా అయిపోయాక ఆ కాగితం నా చేతికొచ్చింది. అదీ ఆయన ఇవ్వలేదు. ఆఫీసు ఊడ్చి చాయ్ కాచే కడప భాయ్ సొరుగులో చూసి, తెచ్చి చదివి వినిపించాడు. నేను ఏడవలేదు. కడుపు మండింది. ఆ మంట ఆరిపోకూడదని రోజూ తలుచుకునేవాణ్ణి.

ఆ చలికాలం మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ ఇంటికి పెద్ద చుట్టాలొస్తున్నారు. కొండమేక మాంసం తెస్తానని ముదీర్ గొప్పగా మాటిచ్చాడు. మా అడవుల్లో పందుల వేట తెలిసినవాణ్ణని నన్ను, వంటకూ కోతకూ భాయ్‌నీ వెంటబెట్టుకున్నాడు. దుబాయ్ అంటే ఎండే అనుకునేవాళ్లు ఆ కొండ మీద ఒక్క తెల్లవారుజాము కూర్చుని చూడాలి. గాలికి చెవులు తెగిపోతాయి. ఉన్ని కోటులో ఆయన, సిమెంటు సంచులు కప్పుకుని మేమిద్దరం.

మూడో రోజు పొద్దున ముదీర్ తుపాకీ గుండు ఒక మేకకు తగిలింది. మేక కింద లోయలో పడింది, ఇంకా కొట్టుకుంటోంది. ఆ బొజ్జతో ముదీర్ దిగలేడు, నేను దిగి దాన్ని పట్టుకున్నాను. ప్రాణమున్న మేకను బిస్మిల్లా చెప్పి ముస్లిమే కోయాలి, లేకపోతే కఫీల్ వాళ్లు ముట్టరు. "పట్టుకుని ఉండు, కత్తి పెట్టకు, భాయ్ వస్తాడు" అని పైనుంచి హిందీలో అరిచాడు. భాయ్‌కి మోకాళ్ల నొప్పి, మెల్లగా దిగుతున్నాడు. మేక మీద నాకేం పగ లేదు. నడుముకున్న కత్తి తీసి ఒక్క వేటు వేశాను.

"ఏం పని జేస్తివప్పా!" భాయ్ నెత్తి పట్టుకున్నాడు. "ఇంగ దీన్నెవురు తింటారు?"

"గందుకే కోసిన భాయ్. కఫీల్ ముంగట ఏం పెడ్తడో పెట్టుమను."

ముదీర్ తంతాడనుకున్నాను. తన్నలేదు. "కోసింది నేనే" అని చెప్పమని భాయ్‌ని బెదిరించి, మేకను బండిలో వేయించాడు.

సాయంత్రం చుట్టాలందరి ముందూ కఫీల్ భాయ్‌ని అడిగాడు, బిస్మిల్లా చెప్పి కోసింది నువ్వేనా అని. భాయ్ తల వంచుకుని కాదన్నాడు. ముదీర్ మొహాన నెత్తురు చుక్క లేదు. కఫీల్ మేకను బయట పారేయించాడు, ముదీర్‌ను కూర్చోమని కూడా అనలేదు. బండి పక్కన నిలబడి అంతా చూశాను. అబద్ధమెందుకు, అంత సంతోషం నా జన్మలో ఎరగను.

మూడో నాటికి భాయ్ వీసా ఖలాస్. నన్నెవరూ ఏమీ అనలేదు, డ్రిల్లు పట్టాలి కదా. పెట్టెకు తాడు కడుతున్న భాయ్ దగ్గరికి వెళ్లి, "నా మీద కోపం రాలేదా భాయ్?" అన్నాను.

"కత్తి నీది, పగ నీది. దేవుని ముందర అబద్ధం జెప్పమంటే నేను జెప్పలేనని నీకు తెలుసు గదప్పా? నన్నొక్క మాట అడిగింటే సరిపోయేది."

నాకు తెలుసు. మేక మెడ మీద కత్తి పెట్టినప్పుడూ తెలుసు.

భాయ్ వెళ్లిపోయాడు. ముదీర్ ఇంకో ఆరేళ్లు అదే కుర్చీలో కూర్చున్నాడు, ఆయన కిందే నేను రాయి కొట్టాను.