అక్క ఆగిపోయే చోటు

దెయ్యమూ లేదు, దిబ్బా లేదు అనే రకం నేను. జర్మనీలోని బ్రెమెన్‌లో విమానాల లోపల వచ్చే చప్పుళ్లు ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టడం నా ఉద్యోగం. వదులైన బోల్టో, అదిరే రేకో దొరికి తీరుతుంది. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, మీ చోట నేనున్నా అదే పని చేసేదాన్ని.

వసంత మా అక్క. కాకినాడలో చిన్నప్పటి నుంచీ కూచిపూడి నేర్చుకుంది. చదువుకోవడానికి ఈ ఊరొచ్చి, ఒక చిన్న హాల్లో ఫ్లమెంకో అనే స్పెయిన్ నాట్యం చూసి, ఇక వెనక్కి తిరగలేదు. "మన జతులేనే ఇవీ, కాళ్లకి చెప్పులు తొడుక్కున్నాయంతే" అని నాకు ఫోన్‌లో చెప్పింది. చెప్పులేసుకుని నాట్యమేమిటని తన కూచిపూడి మాస్టారు మాట్లాడటం మానేశారు. అక్క మాత్రం మేకులు కొట్టిన ఆ బూట్లు తొడుక్కునే ముందు నేలకి మొక్కడం ఏనాడూ మానలేదు.

సెలవులొస్తే స్పెయిన్ వెళ్లి నేర్చుకునేది, ఇక్కడ సాయంత్రాలు పాఠాలు చెప్పేది. రెస్టారెంట్లలో, పెళ్లిళ్లలో, చివరికి ఒక ఫర్నిచర్ షాపు ప్రారంభోత్సవంలో కూడా ఆడింది. స్పెయిన్ వాళ్లకి తను ఇండియన్, మనవాళ్లకేమో స్పెయిన్ పిచ్చిది. నలభై దాటాక, మొట్టమొదటిసారి తన ఒక్కదాని పేరు మీద ఒక ప్రదర్శన ఖాయమైంది.

దానికోసం ఇంట్లో ప్లైవుడ్ పలక పరుచుకుని సాధన చేసేది. మధ్యాహ్నం ఎవరూ చప్పుడు చేయకూడని వేళ ఒకటుంటుంది ఇక్కడ, రూహెత్సైట్ అంటారు. అది మొదలైందో లేదో కింది ఇంటి ముసలావిడ ఫ్రౌ కార్స్టెన్ చీపురు కర్రతో సీలింగ్ మీద పొడిచేది. "ఆ ముసల్దానివి చెవులు కావే, మైకులు" అనేది అక్క.

అప్పుడే కుడి మోకాలి నొప్పి మొదలైంది. ఎముకలో కేన్సర్ అన్నారు. కాలు తొడ దాకా తీసేశారు, ప్రదర్శన రద్దయింది. అయినా అక్క ఆస్పత్రి మంచం కమ్మీ మీద వేళ్లతో అదే నాట్యం వాయిస్తూ ఉండేది. పన్నెండు మాత్రల తాళం. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయేది.

"ముగింపు కుదరట్లేదే. అది దొరక్కుండానే పోతానేమోనని భయంగా ఉంది" అంది.

మొక్కలకి నీళ్లు పోయడానికి అక్క ఇంటికి వెళ్తే, ఫ్రౌ కార్స్టెన్ మెట్ల మీద నన్ను ఆపింది. మీ అక్క ఎప్పుడొచ్చింది, రోజూ రూహెత్సైట్‌లోనే ఆడుతోందేమిటి అని దులిపేసింది. ఆస్పత్రిలో ఉందని చెప్పాను. కాలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ నన్ను అబద్ధాలకోరుని చూసినట్టు చూసి, తలుపు చెక్క మీద వేళ్ల కణుపులతో ఆ చప్పుడు కొట్టి చూపించింది.

కమ్మీ మీద నేను విన్నదే. అదే చోట ఆగింది.

పైకెళ్లాను. పలక దుమ్ము పట్టి గోడకి ఆనించి ఉంది. బూట్లు డబ్బాలో ఉన్నాయి. ఆ పైన ఇంకో అంతస్తు లేదు. హీటర్ గొట్టాలు, పక్క గోడలు అన్నీ వెతికాను. చప్పుడు పట్టే యంత్రం తెచ్చి పెట్టాను. ఆ మధ్యాహ్నాల్లో కూడా విన్నానంది ఆవిడ. యంత్రంలో మాత్రం ఏమీ పడలేదు.

ఈ సంగతి చెబితే అక్క ఆశ్చర్యపోలేదు. "ఎక్కడ ఆగిందిట?" అని మాత్రం అడిగింది. చెప్పాను. కళ్లు మూసుకుంది.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం, నా కళ్లముందే పోయింది. చెయ్యి కమ్మీ మీదే ఉంది, వేళ్లు కదల్లేదు. తనకి కట్టడానికి చీర కోసం ఇంటికి వెళ్లాను. ఫ్రౌ కార్స్టెన్ తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. నేనింకా ఏమీ చెప్పలేదు.

"ఈరోజు నేను కర్రతో కొట్టలేదు" అంది. "మొత్తం పూర్తిచేసింది."

మళ్లీ కణుపులతో కొట్టి వినిపించింది. అక్క ఆగిపోయే చోటు దాటి వెళ్లింది. ఆ పైన కాసేపు చాలా మెల్లగా సాగి, ఒక్క దెబ్బతో ముగిసింది. ఒంటికాలితోనా అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆవిడకి అర్థం కాలేదు.

"ఒంటికాలేమిటి? రెండూ. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఆ కాళ్లు నాకు తెలియవా?"

అప్పుడు అంతా చెప్పాను. ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లి టీ పెట్టింది.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్తాను. టీ ఇచ్చి, బల్ల మీద వాయించి వినిపిస్తుంది. మా అక్క ముగింపు విన్నది, సీలింగ్ పొడిచిన ఆ మనిషి ఒక్కతే. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చెప్పలేను. చప్పుళ్లు కనిపెట్టడమే నా ఉద్యోగం.